తలకు నూనె మర్దన - హాయి నూనెదా, చేతులదా?

ఆదివారం తలకు పోసుకునే ముందు ఒకరి తలకు ఒకరం నూనె అంటుతాం కదా. అంటుతుండగానే కళ్లు మూతలు పడతాయి. ఆ హాయి ఎందుకు వస్తుందో రాస్తున్నాను.

నెత్తి మీద చర్మం పుర్రెకు గట్టిగా అతుక్కొని ఉండదు. వేళ్లతో కదిపితే జరుగుతుంది. నుదుటి మీద ఒక కండరం, తల వెనక ఒక కండరం ఉన్నాయి. ఈ రెండింటినీ నడినెత్తి మీదుగా ఒక పలచని గట్టి పొర కలుపుతుంది. కణతల దగ్గర నమిలే కండరం ఉంది. పళ్లు కొరికితే అది వేలికి తగులుతుంది, చూడండి. గంటలకొద్దీ తల వంచి చదివినా, ఏడుపు దిగమింగుకున్నా ఇవన్నీ బిగుసుకుంటాయి. తలకు తాడు కట్టినట్టు నొప్పి పుడుతుంది. మెల్లగా పిసికితే ఆ బిగువు సడలుతుంది.

జడ బిగించినా నొప్పే. మా తండాలో ముసలి అవ్వలు కణతల పక్క పాయలకు ఘుగ్రి, టోప్లి అనే సొమ్ములు వేలాడేసుకుంటారు. ఆ బరువుకు వెంట్రుకల మొదళ్లు లాగుతాయి. మనకు ఆ సొమ్ములు లేవు గానీ రిబ్బన్ల జడలు ఉన్నాయి. పడుకునే ముందు వదులు చేసుకోవాలి.

మరి నూనె ఎందుకు? వేళ్లు జారడానికి. ఉత్త చేత్తో రుద్దితే వెంట్రుకలు చిక్కుపడి తెగుతాయి. టెంకాయ నూనె వెంట్రుక లోపలికి కొంత దిగి, కడిగేటప్పుడు దాని బలం పోకుండా కాపాడుతుంది. ఆముదం జిగట, అందులో టెంకాయ నూనె కలపాలి. బుడ్డల నూనె అయినా పనికొస్తుంది. వాసన నూనె సీసా లేదని చిన్నబుచ్చుకోవద్దు. హాయి ఎక్కువగా చేతులదే. షాంపూ అనే ఇంగ్లీషు మాట కూడా హిందీలో 'నొక్కు' అని అర్థం వచ్చే మాట నుంచి పోయిందే. మొదట్లో దానికి మర్దన అనే అర్థం. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఈ మర్దన చేసి పేరు తెచ్చుకున్నాడు.

పద్ధతి: రెండు చెంచాల నూనె గిన్నెను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేయాలి. గోళ్లతో కాదు, వేలికొనలతో మెడ వెనక గుంట, చెవుల వెనక, కణతలు, నడినెత్తి వరుసగా పది నిమిషాలు అంటాలి.

జాగ్రత్తలు: పుండ్లుంటే అంటొద్దు. నూనె రాసినంత మాత్రాన పేలు పోవు, పేల దువ్వెనతో దువ్వాలి. చుండ్రు ఉన్నవాళ్లు రాత్రంతా నూనె ఉంచుకోవద్దు, చుండ్రు తెచ్చే సూక్ష్మజీవికి అదే తిండి. తలనొప్పితో పాటు జ్వరం, వాంతులు, మసక చూపు ఉంటే అది నూనెతో పోయేది కాదు. దాచుకోకుండా వెంటనే టీచరుకు చెప్పాలి.

కొత్తగా చేరిన చిన్నపిల్లలు రాత్రిళ్లు ఇంటి మీద బెంగతో ఏడుస్తున్నారు. ఇంట్లో వాళ్ల యాడి తలంటేది. ఇక్కడ మనమే అంటాలి. ఈ ఆదివారం ముందు వాళ్లనే కూర్చోబెట్టండి.