మాల్టు పేరు ఎవరిది?

హైదరాబాదు తూర్పు భాగమున ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు దగ్గర దగ్గరగా ఉన్నవి. నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ వారి కర్మాగారము నుండి పసిపిల్లల కొరకు బాలామృతం పొట్లములు అంగన్‌వాడీ కేంద్రములకు పోవుచున్నవి. ఉప్పల్ రోడ్డుపై హబ్సీగూడలో మైసూరు ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ వారి వనరుల కేంద్రము కలదు. కొంచెము దూరమున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. ధాన్యమును ధాన్యముగా గాక పిండిగా, మాల్టుగా అమ్మదలచిన రైతు సంఘముల వారు సలహాకు పోదగిన చోట్లు ఇవి.

అట్లు పోవువారు యంత్రమును గురించి, పొట్లమును గురించి తప్పక అడుగుదురు. పేరును గురించి అడుగుట మరతురు. సరకు మంచిదైనను, పొట్లముపై వేసిన పేరు తమది కానప్పుడు సంఘము పడిన శ్రమ మరొకరి పాలగును. కనుక పేరు సంగతి ముందే తెలిసికొనుట మేలు.

మాల్టు అనగా నేమి?

ధాన్యమును నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, సన్నని సెగపై వేడిచేసిన మాల్టు అగును. మొలకెత్తునపుడు గింజలో ఎమైలేజు అను పదార్థము పుట్టి పిండిని తీపి చక్కెరలుగా విడగొట్టును. ఇదియే మాల్టుకు ప్రాణము. మొలకెత్తించక వేయించి విసరిన పిండి మంచి ఆహారమే కావచ్చును గాని మాల్టు కాదు. బాలామృతంలో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె ఉండును. దానిని ఎవరును మాల్టు అనరు. అట్లే వేయించిన రాగిపిండిని రాగిమాల్టు అని అమ్మరాదు.

దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. చిక్కని జావ కాచి, గోరువెచ్చగా ఉన్నపుడు ఒక చెంచా మాల్టు పిండి కలిపి కొద్దిసేపు ఉంచుడు. నిజమైన మాల్టు అయినచో జావ పలుచబడును. మిక్కిలి ఎక్కువగా వేయించిన మాల్టులో ఈ గుణము నశించును. కనుక తయారుచేయువారు సెగను అదుపులో ఉంచవలెను.

బీరు మాల్టు నేర్పు పాఠము

పేర్ల చిక్కు ఎట్లుండునో చూడవలెనన్న బీరు తయారీకి వాడు బార్లీ మాల్టు సంగతి చూడవలెను. బార్లీ మన పంట కాదు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వైపు ఎక్కువగా పండును. అయినను ఆ వ్యాపారమున పేర్లు మూడు తెగలుగా స్పష్టముగా ఏర్పడి ఉన్నందున మనకు అది మంచి పాఠము.

మొదటిది వంగడము పేరు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి వద్ద పంటల ప్రజనన కేంద్రములో పుట్టి, 1960ల నడిమిలో రైతులకు అందిన మారిస్ ఆటర్ అను బార్లీ ఇట్టిది. ఆ కేంద్రము ఉన్న వీధి పేరు మారిస్. ఇది గింజ పేరు. పొట్లము కట్టిన వర్తకుని పేరు కాదు.

రెండవది తయారీ విధానమును తెలుపు పేరు. తడి మొలకధాన్యమును గింజలోని పిండి తీపిగా మారువరకు వేడిచేసి, పిదప వేయించిన దానిని కేరమెల్ మాల్టు లేక క్రిస్టల్ మాల్టు అందురు. వియన్నా, మ్యూనిక్ మాల్టులు ఊళ్ళ పేర్లతో వచ్చినను నేడు ఒక రకమును మాత్రమే తెలుపును. ఈ మాటలు అందరివి. ఏ కర్మాగారమైనను వీనిని వాడవచ్చును.

మూడవది వర్తకపు గుర్తు, అనగా ట్రేడ్‌మార్కు. జర్మనీలో బాంబెర్గ్ పట్టణమున 1879లో మొదలైన వేయర్‌మాన్ సంస్థ తన మాల్టులకు కారాఫా, కారామ్యూంచ్, కారాహెల్ అని పేర్లు పెట్టినది. కేరమెల్ అను మాటలోని మొదటి తునకను తీసి, దానికి సొంత మాట తగిలించినది. అందరికిని తెలిసిన మాట అట్లే ఉన్నచో అది ఆ సంస్థకు దక్కెడిది కాదు.

ఇంకొక విచిత్రము కలదు. ఈ సంస్థ కారాపిల్స్ అని అమ్ము మాల్టును అమెరికాలో మాత్రము కారాఫోమ్ అని అమ్మవలసి వచ్చినది. ఏలయన అమెరికాలో కారాపిల్స్ అను పేరు బ్రీస్ అను మరొక మాల్టు సంస్థది. సరకు మారలేదు, దేశము మారగానే పేరు మారినది. ట్రేడ్‌మార్కు హక్కు ఏ దేశములో నమోదైన ఆ దేశమునకే చెల్లునని దీనివలన గ్రహింపవలెను.

పేరు చేజారుటయు కలదు. హార్లిక్స్ సోదరులు అమెరికాలో 1887లో మాల్టెడ్ మిల్క్ అను మాటను తమ గుర్తుగా నమోదు చేసికొనిరి. రాను రాను ఆ మాట ఆ రకపు పానీయములన్నిటికి సామాన్య నామమైనది. వారికి మిగిలినది తమ ఇంటిపేరు హార్లిక్స్. రాజమండ్రి దగ్గర ధవళేశ్వరములో ఆ పేరిట పెద్ద కర్మాగారము నడచినది. 2020లో ఆ వ్యాపారము హిందుస్థాన్ యూనిలీవరు చేతికి వచ్చినను పొట్లముపై పేరు మారలేదు. యజమాని మారినను విలువ పోనిది మంచి పేరు.

మన సంఘములకు వర్తించు విధము

మీ సంఘము "ఉప్పల్ రాగి మాల్టు" అని పేరు పెట్టినదనుకొనుడు. ఉప్పల్ ఊరి పేరు. రాగి ధాన్యము పేరు. మాల్టు సరకు పేరు. ఈ మూడును ఏ ఒక్కరివియు కావు. సరకు రకమును, గుణమును, పుట్టిన చోటును మాత్రమే తెలుపు మాటలను 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము, తొమ్మిదవ సెక్షను ప్రకారము, మామూలుగా నమోదు చేయదు. పక్కవాడు అదే పేరుతో నాసి పిండి అమ్మినచో మీరు ఆపజాలరు. కనుక సరకు పేరు పక్కన సంఘమునకు మాత్రమే చెందు సొంత మాటను, బొమ్మను చేర్చవలెను.

నమోదునకు ముందు ఆ పేరు మరొకరిది అవునా కాదా అని ట్రేడ్‌మార్కుల శాఖ వెబ్‌సైటులో ఉచితముగా వెదకి చూడవచ్చును. మన రాష్ట్రము వారి దరఖాస్తులు చెన్నై కార్యాలయము పరిధిలోనివి. 2017 నిబంధనల ప్రకారము ఒక వ్యక్తికి గాని, స్టార్టప్ సంస్థకు గాని, చిన్న పరిశ్రమకు గాని ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కొక్క తరగతికి 4,500 రూపాయలు, ఇతరులకు 9,000. నమోదు 10 సంవత్సరములు చెల్లును, తిరిగి పొడిగించుకొనవచ్చును.

తరగతి ఎన్నుటలో జాగ్రత్త అవసరము. మనుష్యులు తిను మాల్టు 30వ తరగతి. బీరు కాచుటకు అమ్ము మాల్టు 31వ తరగతి. బీరు 32వ తరగతి. జావపిండి అమ్ము సంఘము 31లో దరఖాస్తు పెట్టినచో రుసుము వృథా యగును.

అన్నిటికంటె ముఖ్యము, నమోదు సంఘము పేరిట జరుగవలెను. పొట్లము కట్టి ఇచ్చు వర్తకుని పేరిట గాని, సంఘములోని ఒక్కని పేరిట గాని జరుగరాదు. ముందుగా పేరు వాడిన వారికి చట్టమున కొంత రక్షణ కలదు. కాని పాత బిల్లులు, తేదీతో కూడిన పొట్లములు దాచి ఉంచిన వారికే అది ఉపకరించును. నమోదు కాకముందు వలయములో ఆర్ అను గుర్తును వేయుట చట్టవిరుద్ధము.

విత్తనము సంగతి

వంగడము పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయరాదని 2001 నాటి మొక్కల వంగడముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము చెప్పుచున్నది. సంచిపై పెద్ద అక్షరములలో ఉన్న వ్యాపార నామమును చూచి మోసపోక, వంగడము పేరు ఏదో చదువుడు. ఒకే వంగడము రెండు వ్యాపార నామములతో రెండు ధరలకు ఉండవచ్చును. అదే చట్టము ప్రకారము పండించిన విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముటకు రైతునకు హక్కు కలదు. అయితే రక్షిత వంగడమని తెలుపు చీటీ అంటించి, సంచి కట్టి మాత్రము అమ్మరాదు.

ఊరి పేరునకు విలువ కట్టు దారి వేరుగా కలదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అట్టి పేరు ఒక్కరిది కాదు; ఆ నేలపై నియమము ప్రకారము పండించు వారందరిది.

గ్రామాధికారులు, విస్తరణాధికారులు సంఘ సమావేశములలో మూడు ప్రశ్నలు వేయవలెను: పొట్లములోని గింజ ఏది? దానిని మొలకెత్తించితిరా, వేయించితిరా? పైనున్న పేరు ఎవరిది? ఈ మూడింటికి జవాబు కాగితముపై ఉన్నపుడే అచ్చుకూటమునకు పొట్లము నమూనా పంపవలెను.