ఏడాది శ్రమకు మూడు రోజుల పరీక్ష
ఏడు దశాబ్దాల ఏసీసీ బాస్కెట్‌బాల్ పోటీల కథ

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. రాలీ, కేరీ, షార్లెట్ నగరాల్లో మనవారి సందడి ఎక్కువ. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో పీజీ చదువులకు తెలుగు విద్యార్థులు ఏటా వెళ్తూనే ఉన్నారు. మార్చి నెల వచ్చిందంటే అక్కడ ఎవరిని కదిలించినా వినిపించే మాట ఒకటే... ఏసీసీ టోర్నమెంటు. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అన్నది పూర్తి పేరు. ఒకప్పుడు ఆ రాష్ట్రంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయులే టీవీలను తరగతి గదుల్లోకి తెచ్చి ఈ ఆటలు చూపించేవారంటే దీనికున్న ఆదరణ ఎంతటిదో అర్థమవుతుంది.

కాన్ఫరెన్స్ అనగానే మనకు సదస్సు గుర్తుకు వస్తుంది. అక్కడి క్రీడల్లో మాత్రం విశ్వవిద్యాలయాల కూటమి అని అర్థం. 1953 మేలో క్లెమ్సన్, డ్యూక్, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, నార్త్ కరోలినా స్టేట్, సౌత్ కరోలినా, వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయాలు సదరన్ కాన్ఫరెన్స్ నుంచి విడిపోయి ఈ కూటమిని ఏర్పాటు చేసుకున్నాయి. అదే ఏడాది డిసెంబరులో వర్జీనియా చేరడంతో సంఖ్య ఎనిమిదికి పెరిగింది.

ఒక్కటే టికెట్టు

పోటీల తీరు క్రికెట్ అభిమానులకు తేలికగానే బోధపడుతుంది. శీతాకాలమంతా జట్లు ఒకదానితో ఒకటి లీగ్ మ్యాచ్‌లు ఆడతాయి. ఆపైన ఎనిమిది జట్లూ ఒకేచోట చేరి మూడు రోజులు నాకౌట్ ఆడేవి. ఓడిన జట్టు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. గెలిచిన జట్టు ఒక్కటే ఎన్‌సీఏఏ జాతీయ పోటీలకు వెళ్లేది. లీగ్‌లో అగ్రస్థానాన నిలిచినా ఈ మూడు రోజుల్లో ఒక్కసారి తడబడితే ఏడాది శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. దేశంలోని పెద్ద కూటములు చాలావరకు లీగ్ విజేతనే జాతీయ పోటీలకు పంపేవి. ఏసీసీ మాత్రం ఈ కఠిన నిబంధనను వదల్లేదు. ప్రేక్షకులు కిక్కిరిసేవారు, టికెట్ల రాబడి బాగుండేది. శిక్షకులు, ఆటగాళ్ల గోడు పట్టించుకునేవారు తక్కువ.

తొలి పోటీలు 1954లో రాలీలోని రేనాల్డ్స్ కొలీజియంలో జరిగాయి. ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ అదనపు సమయంలో 82-80తో వేక్ ఫారెస్ట్‌ను ఓడించింది. ఆ జట్టు శిక్షకుడు ఎవరెట్ కేస్. వరుసగా మొదటి మూడేళ్లూ ఆయనదే విజయం. గెలిచిన జట్టు నిచ్చెన వేసుకుని రింగుకున్న వలను కత్తిరించి ఇంటికి తీసుకెళ్లే ఆనవాయితీకి ప్రాచుర్యం తెచ్చినదీ ఆయనే. 1966 వరకు పోటీలన్నీ అదే ఆవరణలో, అంటే ఆ జట్టు సొంతగడ్డపైనే జరిగాయి. దీనిపై మిగతా కళాశాలలు గొణుక్కోవడంలో వింతేమీ లేదు.

1957లో నార్త్ కరోలినా ఓటమి ఎరుగకుండా ఇక్కడికి వచ్చింది. సెమీఫైనల్లో వేక్ ఫారెస్ట్‌పై 61-59తో గట్టెక్కింది. ఆ రెండు పాయింట్లే లేకపోతే ఆ జట్టు జాతీయ పోటీల ముఖమే చూసేది కాదు. తర్వాత అదే జట్టు విల్ట్ చాంబర్లేన్ ఆడిన కాన్సాస్‌ను మూడు అదనపు సమయాల పోరులో 54-53తో ఓడించి, 32 విజయాలు, సున్నా పరాజయాలతో జాతీయ విజేతగా నిలిచింది.

అందరికీ అంత అదృష్టం దక్కలేదు. 1970లో సౌత్ కరోలినా లీగ్ దశలో 14 మ్యాచ్‌లకు 14 గెలిచింది. సెమీఫైనల్లో ప్రధాన ఆటగాడు జాన్ రోచ్ చీలమండకు గాయమైంది. మరునాడు ఫైనల్లో రెండు అదనపు సమయాల తర్వాత 42-39తో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో ఓడింది. ఆ ఏడు జాతీయ పోటీల తూర్పు విభాగం మ్యాచ్‌లు సౌత్ కరోలినా సొంత ఊరు కొలంబియాలోనే జరిగాయి. ఇంట్లో పెళ్లి జరుగుతుంటే ఇంటివారికే పిలుపు లేని పరిస్థితి. మరుసటి ఏడాది 52-51తో నార్త్ కరోలినాపై గెలిచి ఆ జట్టు కసి తీర్చుకుంది. అదే 1971లో కూటమికి వీడ్కోలు పలికింది.

నిబంధన మార్చిన ఫైనల్

1974 మార్చి 9న గ్రీన్స్‌బరోలో జరిగిన ఫైనల్ గురించి పాతతరం వారు నేటికీ చెప్పుకొంటారు. డేవిడ్ థాంప్సన్, టామ్ బర్లెసన్ ఆడిన నార్త్ కరోలినా స్టేట్‌కు, టామ్ మెక్‌మిలన్, లెన్ ఎల్మోర్, జాన్ లూకాస్‌లున్న మేరీల్యాండ్‌కు మధ్య జరిగిన పోరు అది. రెండూ దేశంలో మొదటి వరుసలో నిలిచే జట్లే. బర్లెసన్ ఒక్కడే 38 పాయింట్లు సాధించాడు. అదనపు సమయంలో నార్త్ కరోలినా స్టేట్ 103-100తో నెగ్గింది. ఆపై యూసీఎల్ఏ జైత్రయాత్రకు తెరదించి జాతీయ టైటిల్‌నూ చేజిక్కించుకుంది. అంతటి జట్టును మూడు పాయింట్ల దూరం వరకు తరిమిన మేరీల్యాండ్ మాత్రం ఇంటికే పరిమితమైంది.

ఇదెక్కడి న్యాయమన్న ప్రశ్న దేశమంతటా వినిపించింది. 1975 నుంచి ఎన్‌సీఏఏ తన పోటీలను 32 జట్లకు విస్తరించి, ఒకే కూటమి నుంచి రెండో జట్టుకూ అవకాశమిచ్చింది. మార్పు కోరినవారు అంతకుముందూ ఉన్నారు. అయినా 1974 నాటి ఫైనల్ ఆ వాదనకు ఇచ్చినంత బలం మరేదీ ఇవ్వలేదనే చెప్పాలి.

బంతి దాచుకున్న ఆట

బంతి చేతిలో ఉంటే ఇన్ని క్షణాల్లో రింగుకేసి విసరాలన్న నియమం అప్పట్లో కళాశాలల ఆటలో లేదు. 1968 సెమీఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ బంతిని తన వద్దే అట్టిపెట్టుకుని డ్యూక్‌పై 12-10తో గెలిచింది. కబడ్డీలోనైనా ఇంతకంటే ఎక్కువ పాయింట్లు వస్తాయి! 1982 ఫైనల్లో నార్త్ కరోలినా 47-45తో వర్జీనియాను ఓడించింది. మైకేల్ జోర్డాన్, జేమ్స్ వర్తీ ఒకవైపు, రాల్ఫ్ శాంప్సన్ మరొకవైపు. ఇంతటి వారు బరిలో ఉన్నా ద్వితీయార్ధంలో నిమిషాల తరబడి బంతి చేతులు మారడమే తప్ప రింగువైపు వెళ్లలేదు. టీవీల ముందు కూర్చున్న దేశానికి విసుగు పుట్టింది. మరుసటి సీజన్లో ఏసీసీ 30 సెకన్ల గడువును, మూడు పాయింట్ల గీతను ప్రయోగాత్మకంగా అమలు చేసింది. 1985-86లో జాతీయ స్థాయిలో 45 సెకన్ల గడువు, ఆ మరుసటి ఏడాది మూడు పాయింట్ల గీత వచ్చాయి. పురుషుల ఆటలో గడువు 2015-16 నుంచి 30 సెకన్లు.

ఐదు రోజులు... ఐదు విజయాలు

కరోనా కారణంగా 2020 మార్చి 12న పోటీలు మధ్యలోనే రద్దయ్యాయి. లీగ్‌లో ముందున్న ఫ్లోరిడా స్టేట్‌కు ట్రోఫీ అందించి సరిపెట్టారు. 2025 వరకు పూర్తయిన 71 టోర్నీల్లో డ్యూక్ 23, నార్త్ కరోలినా 18, నార్త్ కరోలినా స్టేట్ 11 టైటిళ్లు గెలిచాయి. మిగిలిన 19 తొమ్మిది జట్లు పంచుకున్నాయి.

ఆ 11లో చివరిది 2024లో దక్కింది. 1987 తర్వాత మళ్లీ అదే. లీగ్‌లో వరుసగా నాలుగు ఓటములతో పదో స్థానంలో వాషింగ్టన్ చేరిన నార్త్ కరోలినా స్టేట్‌పై ఎవరికీ ఆశల్లేవు. లూయీవిల్, సిరక్యూస్, డ్యూక్... రోజుకొక జట్టు చొప్పున ఓడిపోయాయి. సెమీఫైనల్లో వర్జీనియా గెలుపు ముంగిట నిలిచిన వేళ మైకేల్ ఓకానెల్ ఆఖరి క్షణంలో విసిరిన బంతి బోర్డుకు తగిలి రింగులో పడింది. అదనపు సమయంలో 73-65తో విజయం. ఫైనల్లో నార్త్ కరోలినాపై 84-76. ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి ఈ టైటిల్ సాధించిన తొలి జట్టు అదే. జాతీయ పోటీల్లోనూ సెమీఫైనల్ దాకా వెళ్లి పర్డ్యూ చేతిలో ఓడింది.

ఆ ఏడాదే స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా, ఎస్ఎంయూ చేరడంతో కూటమిలో జట్లు 18 అయ్యాయి. 2025లో షార్లెట్‌లో జరిగిన టోర్నీకి 15 జట్లనే అనుమతించారు. డ్యూక్ 73-62తో లూయీవిల్‌పై గెలిచి విజేతైంది. అడుగున నిలిచి గుమ్మం బయటే ఆగిపోయిన మూడు జట్లలో అంతకుముందు ఏడాది చాంపియన్ నార్త్ కరోలినా స్టేట్ కూడా ఉంది.