వీడియో కెమెరాయందు మూలపాఠము

పరిష్కర్త తన సవరణలను మాత్రమే మిగిల్చి తాళపత్రమును పోగొట్టినచో, పిమ్మటివారు ఆ సవరణలను పరీక్షించుటకు ఆధారముండదు. ప్రసారమునకై వాడు వీడియో కెమెరాలలోని ‘రా’ విధానమును మేము ఈ దృష్టితోనే చూచుచున్నాము.

సెన్సరునకు రంగు తెలియదు. వెలుతురు పరిమాణమే తెలియును. కోడక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పద్ధతికి 1976లో పేటెంటు లభించినది. దాని ననుసరించి ఒక్కొక్క బిందువుపై ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటిలో ఒక్క వడపోతయే యుండును. ఆకుపచ్చవి తక్కినవానికి రెట్టింపు. లోపించిన రెండు వర్ణములను పొరుగు బిందువులనుబట్టి ఊహించి పూరింపవలెను. సాధారణముగా కెమెరా ఈ పూరణమును, తెలుపు ఏదియను నిర్ణయమును అప్పటికప్పుడు తానే చేసి, తొలి కొలతలను విడిచిపెట్టును. ‘రా’ విధానమున ఆ కొలతలే నిలుచును. దీపకాంతిలో ఆడు తోలుబొమ్మలాటను చిత్రించితిమనుకొందము. ఆ పసుపు ఛాయను దోషమని కెమెరా దిద్దివైచినచో బొమ్మల రంగులు మాఱును. 8 బిట్లలో 256 మెట్లే మిగిలిన దృశ్యమున దానిని మరల సరిదిద్దబోయినచో ఛాయలు చారలుగా విడిపోవచ్చును. 12 బిట్ల కొలతలలో 4096 మెట్లుండును.

3840 × 2160 బిందువుల చిత్రమునకు 12 బిట్ల చొప్పున కుదింపు లేకున్న సుమారు 1.24 కోట్ల బైట్లు పట్టును. సెకనుకు 25 చిత్రములనగా 31 కోట్లు. భారమే. అయినను మూడు వర్ణములను పూరించిన పిమ్మట, అదే లెక్కన, ఇది మూడింతలగునని మఱువరాదు.

సెన్సరు మితిమీరిన వెలుగుతో నిండిపోయిన చోట ‘రా’ యైనను ఏమియు తిరిగి యీయజాలదు. వార్తలకు ఈ తీరికయే యుండదు; సాయంకాలమునకే ప్రసారము కావలసిన దృశ్యమునకు కెమెరా తీర్పు చాలును.