వరద వేళ బిగువు, వరద తీశాక రాబడి: పండుగప్ప బజారుకు వానల లెక్క

గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే మొగల వద్ద వానాకాలంలో పండుగప్ప రాబడి ఒక్కసారిగా పడిపోవడం, కొన్నాళ్ళకు మళ్ళీ పుంజుకోవడం వర్తకులకు ప్రతి యేటా అనుభవమే. రాబడి లేని రోజున, సరుకు ఇక దొరకదని తొందరపడి హెచ్చు ధరకు ఒప్పందాలు చేసుకున్నవారు, వరద తీశాక ధర మెత్తబడి నష్టపోవడం కద్దు. వాన వల్ల వేట ఆగడం వేరు, చేప తరిగిపోవడం వేరు. ఈ తేడా తెలిస్తే కొనుగోళ్ళకు అదను చూసుకోవచ్చును.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. మోటారు లేని సంప్రదాయ పడవలకు ఇది వర్తించదు. నిషేధం తీరి పడవలు కదిలే నాటికి నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి హెచ్చరిక వెలువడితే పడవలు మళ్ళీ ఒడ్డుకే పరిమితం. అటువంటి రోజులలో బజారుకు వచ్చే కొద్దిపాటి సరుకు ఒడ్డునా, పాయలలోనూ గేలాలు, విసురు వలలు, అడ్డు వలలు వేసేవారి నుంచే రావాలి.

మొగకు ఎందుకు వస్తుంది?

పండుగప్ప మంచినీటిలోనూ, ఉప్పునీటిలోనూ బతకగలదు. గుడ్లు పెట్టడానికి మాత్రం ఉప్పదనం హెచ్చుగా వున్న నీరు కావాలి. అందుచేత ఎదిగిన చేపలు పాయల నుంచి మొగల వైపు దిగివస్తాయి. పోటు బలంగా వుండే అమావాస్య, పున్నమి రోజులు వీటికి అనుకూలం. పిల్లలు పోటు నీటితో మడ అడవులలోకి, కయ్యలలోకి, డెల్టా మురుగు కాలువలలోకి చేరి అక్కడ పెరుగుతాయి.

వరద వచ్చినప్పుడు

ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ అవుతాయి. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. ఇంతటి ప్రవాహంలో ఒడ్డు వేట సాగదు. గుర్రపుడెక్క, కొట్టుకువచ్చే చెత్త, దుంగలు వలలను నింపి చింపుతాయి. ఒడ్డున కెరటం లేచి అడుగు మట్టి కదిలినా వల నిలవదు. చేప మాత్రం ఎక్కడికో పోలేదు. ప్రవాహం ధాటికి తప్పుకుని పక్క పాయలలోనూ, గట్ల వారనూ నిలుస్తుంది.

వరద తీయడం మొదలైతే పరిస్థితి మారుతుంది. కయ్యలు, మురుగు కాలువల నుంచి దిగే నీటితో రొయ్యలు, చిన్న చేపలు బయటకు కొట్టుకువస్తాయి. వాటికోసం పండుగప్ప కాలువల నోళ్ళ వద్ద, బురద నీరు తేట నీరు కలిసేచోట కాపు వేస్తుంది. పోటు తిరిగి నీరు వెనక్కి తీసే గంటలలో వేట బాగా సాగుతుంది. వేలంపాటలకు పెద్ద లాట్లు వచ్చే అవకాశం ఈ రోజులలోనే హెచ్చు.

గిరాకీ తీరు

ఇదే కాలంలో శ్రావణమాసం రావడంతో స్థానిక గిరాకీ మందగిస్తుంది. బెంగాలీలు దీనిని భేట్కీ అంటారు. దసరా పూజల రోజులలో కోల్‌కతా బజారులో చేపలకు గిరాకీ బిగుస్తుంది. కనుక శ్రావణంలో వరద తీస్తే ధర మెత్తగా వుండడానికి, దసరా ముందు వాయుగుండం పడితే ధర ఎగబాకడానికి ఆస్కారం హెచ్చు. రోడ్లు మునిగితే ఐసు కరిగి సరుకు నాణ్యం దెబ్బతినే ప్రమాదాన్ని కూడా ధరలో లెక్కవేసుకోవాలి.

చెరువు సరుకు మరొక అంశం. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ 1997లో పండుగప్ప పిల్లలను హేచరీలో పుట్టించగలిగింది. ఇప్పుడు కృష్ణా, గోదావరి డెల్టా చెరువులలోనూ ఈ పెంపకం వున్నది. ఒడ్డు సరుకు ఆగిన రోజులలో కొంత లోటును ఇది పూడుస్తుంది. అయితే రోజుల తరబడి ముసురు పట్టితే చెరువు నీటిలో ప్రాణవాయువు తగ్గి, చేప మేత మానుతుంది.

రాబోయే యేళ్ళ నిలువ

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని ఫిట్జ్‌రాయ్ నదిపై జరిగిన పరిశోధనలలో, ప్రవాహం బాగున్న యేళ్ళలో పుట్టిన పండుగప్ప పిల్లలు హెచ్చుగా బతికినట్లు తేలింది. అనగా నేటి వేటను ఆపే వరదే కొన్నేళ్ళ తర్వాతి సరుకును పెంచగలదు. అందుకు తల్లి చేప మిగలాలి. పండుగప్ప మొదట మగదిగా ఎదిగి, బరువెక్కాక ఆడదిగా మారుతుంది. మొగ వద్ద పడే పెద్ద చేపలలో అత్యధికం తల్లులే. గుడ్డుతో వున్న పెద్ద చేపలకు, ఎదగని పిల్లలకు హెచ్చు ధర కట్టి వేటను ప్రోత్సహిస్తే, ఆ లోటు రేపు బజారులోనే కనబడుతుంది.

కనుక వానల రోజులలో కొనుగోలుదారులు ఆనాటి రాబడిని మాత్రమే చూడక, ధవళేశ్వరం నీటిమట్టం, వాయుగుండం సూచన, తిథి, ఈ మూడింటినీ కలిపి చూసి ఒప్పందాలకు దిగడం క్షేమం.