కప్పను కోయకుండా నేర్చుకోవచ్చా?

బైపీసీలో చేరితే కప్పను కోయాలంట అని భయపడి ఎంపీసీకి వచ్చినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరుంటారు. వాళ్లకో పాత వార్త. డిగ్రీ, పీజీ జువాలజీ క్లాసుల్లో డిసెక్షన్ ఆపేయమని యూజీసీ 2014లోనే చెప్పేసింది. అంతకుముందు 2011లో, డిగ్రీలో ఒక్క జాతిని లెక్చరర్ కోసి చూపిస్తే చాలు, విద్యార్థులు కత్తి పట్టక్కర్లేదంది.

బండారులంకలో తొలకరి పడితే చాలు, మగ్గాల చప్పుడు ఆగాక రాత్రంతా చేలల్లోంచి బెకబెకలే. ల్యాబ్ ట్రేలోకి వెళ్లిన కప్పలూ ఎక్కువగా ఇలాంటి చేల నుంచి, చెరువుల నుంచి పట్టుకొచ్చినవే. తెల్ల ఎలుకల్లా బోన్లలో పెంచినవి కావు. మరి చేలో కప్ప పోతే పురుగుల్ని తినేదెవరు? కప్పకాళ్ల ఎగుమతిని మన దేశం 1987లో ఆపడానికి ఇదీ ఒక కారణం. కాలేజీ కప్పల వంతు రావడానికి ఇంకో 27 ఏళ్లు పట్టింది.

ఆలస్యం చట్టానిది కాదు. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960 నాటిది. అందులో 17వ సెక్షన్ చదివితే ఆశ్చర్యమేస్తుంది. పుస్తకాలు, నమూనాలు, సినిమాలతో పని జరిగేచోట, ఉదాహరణకు కాలేజీల్లో, జంతువుల మీద ప్రయోగాలు మానాలని ఉంది. కేవలం చెయ్యి తిరగడం కోసం ప్రయోగం చెయ్యకూడదని ఉంది. ఆపరేషన్ లాంటిదైతే వీలైనంతవరకు మత్తు ఇవ్వాలనీ ఉంది. అదే సెక్షన్‌లో, పెద్ద జంతువులకు బదులు చిన్నవాటితో సరిపెట్టుకోమంటూ గినీపిగ్, కుందేలు, కప్ప, ఎలుక అని పేర్లు కూడా రాశారు. పాపం కప్ప, కాపాడే చట్టంలోనూ ఇరుక్కుంది!

క్లాసు వేరు, పరిశోధన వేరు. క్లాసులో జవాబు ముందే తెలుసు. గుండెకు మూడు గదులున్నాయని తెలుసుకోవడానికి ఏటా కొత్త కప్ప ఎందుకు? పరిశోధనలో జవాబు తెలీదు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌ను 2020లో హామ్‌స్టర్ల మీద, 20 రీసస్ కోతుల మీద పరీక్షించారు. ఆ టీకా వేయించుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. కాబట్టి జంతు ప్రయోగాలన్నీ పాపమే అనడం నాకు నోరు రాదు. అలాగని తలుపులు బార్లా తీసెయ్యడమూ కుదరదు.

అందుకే 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు మూడు ప్రశ్నలు పెట్టారు. జంతువు లేకుండా చెయ్యగలమా? తప్పదంటే తక్కువ జంతువులతో అవుతుందా? బాధ తగ్గించగలమా? ఇప్పుడు ఇక్కడ జంతువులపై ప్రయోగం చెయ్యాలంటే ఆ సంస్థ కేంద్ర కమిటీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, సంస్థలోని ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీలో పశువైద్యుడితో పాటు బయటి శాస్త్రవేత్త ఒకరు, సైన్సుతో సంబంధం లేని, సామాజిక స్పృహ ఉన్న మనిషి ఒకరు ఉండాలి. (మన లిటరరీ క్లబ్బుకీ చోటుందన్నమాట.) ఫైనలియర్ ప్రాజెక్టుకి సెన్సర్ చేసి, 'ఒక ఎలుకని తెచ్చి ట్రై చేద్దాం రా' అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటి ప్రశ్నకి జవాబు చాలావరకు మన బ్రాంచీల చేతిలోనే ఉంది. ఆర్గాన్ ఆన్ చిప్ సంగతే చూడండి. పారదర్శకమైన చిన్న చిప్‌లో వెంట్రుకంత సన్నటి కాలువలు, వాటిలో మనిషి కణాలు, వాటి మీదుగా పారే ద్రవం. అందులో మందు వదిలి కణాలేం చేస్తున్నాయో చూస్తారు. కాలువలంటే కోనసీమ వాళ్లకి చెప్పాలా! ఫ్లూయిడ్ మెకానిక్స్, సెన్సర్లు, సిగ్నల్ ప్రాసెసింగ్ అన్నీ అందులోకి వస్తాయి. 2023లో మన దేశం కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతు పరీక్షలకు బదులుగా ఇలాంటి పద్ధతులకూ దారి తెరిచింది.

క్లాసు సాఫ్ట్‌వేర్ల విషయంలో నాకో అసంతృప్తి ఉంది. చాలావాటిని చూస్తే బొమ్మల పుస్తకానికి మౌస్ తగిలించినట్టుంటాయి. పుదుచ్చేరి జిప్మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ అలా కాదు. స్క్రీన్ మీది కుందేలు కంట్లో మందు చుక్క వేస్తే కనుపాప పెద్దదవుతుందో చిన్నదవుతుందో మీరే చూడాలి, దాన్ని బట్టి పేరు చెప్పని మందేదో మీరే తేల్చాలి. తప్పయితే మళ్లీ మొదటి నుంచి చెయ్యొచ్చు, ఆ కుందేలుకి ఏమీ కాదు.