పర్వతారోహకుని వీపుసంచి

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో గుట్టలకు కొదువ లేదు. మంచుకు మాత్రమే చోటు లేదు. అయినను 2014వ సంవత్సరం మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరముపై నిలిచిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ బండ నెక్కుట అభ్యసించినది అప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి కోటగుట్ట మీదనే. ఇరువురును గురుకుల పాఠశాలల విద్యార్థులు. పూర్ణకు ఆనాటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆ బాట పట్టదలచిన పిల్లలు మన శ్రోతల ఇండ్లలోను ఉండవచ్చును. వారికి సంచి కొనిపెట్టు పెద్దలు తెలుసుకొనదగిన సంగతులు కొన్ని ఉన్నవి.

మొదట సంచి కొని, తరువాత సామాను సర్దుట చాలామంది చేయు పని. క్రమము దీనికి తలక్రిందులుగా ఉండవలెను. తాడు, ఉన్నిబట్టలు, పడకసంచి, పొయ్యి, ఆహారము, అన్నిటిని నేలపై పరచి, అక్కరలేనివి తీసివేసి, మిగిలినవి ఎంత చోటు పట్టునో చూడవలెను. ఒకటి రెండు రోజుల ఎక్కుడుకు 30 నుండి 40 లీటర్ల సంచి సాధారణముగా చాలును. మూలశిబిరమునకు సామాను చేరవేయుటకు 60, 70 లీటర్లది కావలసి రావచ్చును. దానిని శిఖరము దాకా మోయనక్కరలేదు. పెద్ద సంచిలో ఖాళీ ఉన్నదంటే ఏదో ఒకటి దానిలోకి చేరక మానదు. ప్రయాణపు పెట్టెలు సర్దిన ప్రతి గృహిణికిని ఇది తెలిసిన విషయమే.

బరువులు మోయు పెద్ద సంచి తానే రెండున్నర, మూడు కిలోలు తూగును. ఎక్కుడుకు తగిన తేలిక సంచి ఒక కిలోకు అటూ ఇటూగా ఉండును. ఈ తేడా ఇంటివద్ద చిన్నదిగా తోచును. కాని 5,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టమున ఉన్నదానిలో ఇంచుమించు సగమే. అచ్చట అడుగడుగునకు ఊపిరి తీసుకొనవలెను. నలుబది కిలోల బాలిక వీపున పదిహేను కిలోలు పెట్టితే, ఆమె శరీరములో మూడవ వంతుకు మించిన బరువును ఎత్తించినట్లే. అలసినవాని కాలు తడబడును. మంచువాలుపై తడబాటు ప్రాణాపాయము.

బరువు శరీరమునకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. మన తాటివనాలలో గీతకార్మికుడు మోకుతో చెట్టెక్కునప్పుడు కత్తులున్న ముస్తాదును నడుమునకే కట్టుకొనును, భుజమునకు వ్రేలాడదీయడు. వీపుసంచికిని ఇదే సూత్రము. నడుముపట్టీ బరువులో అధికభాగమును తుంటి ఎముకలపై నిలుపవలెను. అయితే తాడు కట్టుకొను హార్నెస్ కూడ నడుమునకే ఉండును గనుక, ఆ పట్టీ పలుచనిదిగా గాని, ఊడదీయ వీలైనదిగా గాని ఉండవలెను.

సంచి పొడవు మనిషి ఎత్తును బట్టి గాక వెన్ను పొడవును బట్టి ఎంచవలెను. మెడ వంచినప్పుడు పొడుచుకొని వచ్చు పూస నుండి తుంటి ఎముకల పై అంచు దాకా దర్జీ టేపుతో ఇంటనే కొలువవచ్చును. సంచి తలకు మించి లేచినచో శిరస్త్రాణము దానికి తగిలి, పైకి చూచుటయే కష్టమగును. పైనుండి రాళ్ళు పడు చోట అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

గుడ్డ విషయమున తేలికదనమే చూడరాదు. భువనగిరి బండవంటి గరుకు రాతిపై పలుచని నైలాను త్వరగా చిరుగును. అడుగుభాగమైనను దళసరిగా ఉండవలెను. మంచుగొడ్డలి తగిలించుటకు బిగువైన ఉచ్చులు, చేతితొడుగులతోనే విప్పదగిన బకిల్సు ముఖ్యము. వెలుపలి జేబులు అనేకము ఉన్న సంచి అంగడిలో అందముగా కనిపించును. బండమీద అవి తట్టుకొనుటకే పనికివచ్చును. వీపుకు ఆనించు నురుగుపలక పైకి తీయ వీలైనదైతే, రాత్రి మంచుమీద కూర్చొనవలసి వచ్చినప్పుడు ఆసనమగును.

కొనకముందు అంగడిలోనే బరువు నింపి తొడిగించుడు. కొన్న తరువాత, ప్రయాణమునకు నెల ముందుగా, బియ్యము, నీటిసీసాలు అంతే బరువుకు సర్ది, గంటసేపు మెట్లెక్కించుడు. భుజములపై ఎర్రని గీతలు పడినచో పట్టీలు సరిచేయవలెను. మరుసటి దినము మరల పడినచో సంచినే మార్చవలెను.