పూత మీదున్న మొక్క పసుపుబారితే: ఎందుకు? ఎలా?

ఉగాది వెళ్లిన తర్వాత ఒక ఆదివారం పొద్దున. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మేముండే అపార్ట్‌మెంట్ మిద్దె మీద, మూడో అంతస్తు అబ్బాయి టమాటా కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఆంటీ, పూత బాగానే వచ్చింది. ఆకులేమో పసుపైపోతున్నాయి. యూరియా వేశాను, వర్మీ కంపోస్ట్ వేశాను. ఇంకేం వెయ్యమంటారు?"

"ఇంకేం వెయ్యకు బాబూ. ముందు ఏ ఆకు పసుపైందో చూద్దాం," అన్నాను.

నారపల్లిలో తన ఇంటిపైన కూరగాయలు పండించి చూపిన రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివారి వల్ల మిద్దె తోట అన్న మాట నగరమంతా పాకింది. మా అపార్ట్‌మెంట్లలో కూడా ఇప్పుడు ఏ మిద్దె చూసినా మిరప, టమాటా, బంతి, గులాబీ కనిపిస్తున్నాయి. పూత దశ రాగానే ఈ అబ్బాయి అడిగిన ప్రశ్నే అందరూ అడుగుతారు. అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

పూతకొచ్చాకే ఎందుకిలా అవుతుంది?

మొక్కకి తప్పనిసరిగా కావాల్సిన మూలకాలు 17. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలీ నీరూ ఇస్తాయి. మిగిలిన 14 వేళ్లే తెచ్చుకోవాలి. ఆకులు మాత్రమే వేసే రోజుల్లో ఖర్చు తక్కువ. మొగ్గ కట్టి, పిందె దిగాక పొటాష్, కాల్షియం, బోరాన్ ఒక్కసారిగా ఎక్కువ కావాలి. పొలంలో అయితే వేరు దూరం పోయి వెతుక్కుంటుంది. కుండీలో అడుగు దూరానికే గోడ తగులుతుంది. అంతవరకూ బయటపడని కొరత పూతలో బయటపడేది అందుకే.

పాత ఆకా, కొత్త ఆకా అని ఎందుకు చూడాలి?

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్క లోపల కదులుతాయి. కొరత వస్తే మొక్క కింది ముదురాకుల్లోంచి వాటిని లాగి పైన చిగురుకీ పువ్వుకీ పంపుతుంది. కాబట్టి ఈ నాలుగింటి కొరత కింద నుంచి మొదలవుతుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ ఒకచోట కుదురుకున్నాక దాదాపుగా కదలవు. వాటి కొరత చిగుళ్లలో కనపడుతుంది. పసుపు కింద మొదలైందా, పైన మొదలైందా అన్న ఒక్క ప్రశ్నతో సగం జవాబు దొరికినట్టే.

కింది ఆకులైతే ఏది తక్కువైనట్టు?

ఆకు మొత్తం ఒకే తీరుగా వెలిసిపోతే నత్రజని. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం మాత్రం పసుపైతే మెగ్నీషియం. అంచులు మాడి, ఎండిన కాగితంలా పెళుసుబారితే పొటాష్. ఆకు ముదురు రంగులో, ఊదా ఛాయతో ఉండి మొక్క గిడసబారితే భాస్వరం.

మరో మాట. బాగా కాపు మీదున్న మొక్కకి అట్టడుగున రెండు మూడు ఆకులు పండి రాలడం సహజం. దానికి మందు అక్కర్లేదు.

చిగురాకులైతే?

ఆ అబ్బాయి టమాటాని దగ్గరగా చూశాం. కింది ఆకులు నిండు ఆకుపచ్చగా ఉన్నాయి. పైన చిటికెనవేలంత చిగురాకు నిమ్మపండు రంగులో ఉంది. దాని మీద సన్నటి ఆకుపచ్చ ఈనెలు వల అల్లినట్టు తేలి ఉన్నాయి. అది ఇనుము లోపం. అతను వేసిన యూరియా నత్రజనికి మందు. ఇక్కడ నత్రజనికి లోటే లేదు. పైగా పూతలో నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీద ఆకు వేస్తుందే తప్ప కాయ నిలపదు.

ఎరువు వేసినా మొక్కకి ఎందుకు అందదు?

మాదాపూర్‌లో అసలు సంగతి ఇదే. కుండీ పక్కకి తిప్పి చూపించాను. అంచు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి పొర ఉంది. గీజర్ కాయిల్‌కి పట్టే పెంకు కూడా ఇలాంటిదే. దుర్గం చెరువు చుట్టూ కనిపించే గ్రానైట్ బండే మన కాళ్ల కింద కూడా ఉంది. ఆ బండ పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి. వేసవిలో వచ్చే ట్యాంకర్ నీళ్లూ ఎక్కువగా అలాంటివే. అవి రోజూ పోస్తుంటే మట్టి క్షారం వైపు జరుగుతుంది. పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉన్నప్పుడు వేళ్లు పోషకాలన్నీ హాయిగా తీసుకుంటాయి. 7.5 దాటితే మట్టిలో ఇనుము ఉన్నా కరగదు. కరగనిది వేరు తాగలేదు.

మన ఇళ్లలో మంచిదనుకుని చేసే మూడు పనులూ ఇలాంటి మట్టికి మేలు చెయ్యవు. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు మొక్కలకి పోయడం మొదటిది. వడపోతలో వేరుచేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే చిక్కబడి ఉంటాయి. పొటాష్ కోసమని కట్టెల బూడిద వేయడం రెండోది. బూడిద క్షారం. కాల్షియం కోసమని కోడిగుడ్డు పెంకుల పొడి కలపడం మూడోది. క్షార మట్టిలో అది కరగడానికి ఏళ్లు పడుతుంది.

టమాటా అడుగున నల్ల మచ్చ ఎందుకు?

కాయ అడుగు నల్లబడి కుళ్లితే కాల్షియం కాయదాకా చేరలేదని అర్థం. కాల్షియం నీళ్లతో పాటే పైకి వెళ్తుంది. ఆఫీసు హడావుడిలో రెండు రోజులు మరిచిపోయి మూడో రోజు బకెట్ కుమ్మరిస్తే ఆ ప్రయాణం తెగిపోతుంది. మట్టిలో కాల్షియం నిండుగా ఉన్నా కాయకి అందదు. దీనికి మొదటి మందు రోజూ ఒకే వేళకి, ఒకే కొలతతో నీళ్లు పోయడం.

పూత రాలడం కూడా అన్నిసార్లూ లోపం కాదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి దెబ్బతింటుంది. ఏప్రిల్, మే నెలల్లో షేడ్ నెట్ చేసే మేలు ఏ ఎరువూ చెయ్యదు.

లోపమా, పురుగా? ఎలా పోల్చుకోవాలి?

లోపం సాధారణంగా ఆకు నడి ఈనెకి రెండు వైపులా సమానంగా కనిపిస్తుంది. ఎడాపెడా మచ్చలు, ముడతలు ఉంటే ఆకు తిరగేసి చూడండి. మిరపాకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే తామర పురుగులు. కిందికి వంగి తిరగేసిన పడవలా అయితే నల్లి. టమాటా చిగురు చిన్నబోయి ముడుచుకుంటే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కావచ్చు. వీటికి ఎరువు వేసి లాభం లేదు. ఇక మట్టిలో వేలు రెండు అంగుళాలు దింపి చూడండి. ఎప్పుడూ తడిగా, ముక్క వాసనతో ఉంటే వేరుకి ఊపిరాడక మొక్క పసుపుబారిందన్నమాట. నీళ్లు తగ్గించి, కుండీ కింది చిల్లు తెరవండి.

మరి ఎలా సరిచేయాలి?

ముందు లవణాలు కడగాలి. కుండీ కింద రంధ్రం సరిగ్గా ఉందని చూసుకుని, కుండీ పరిమాణానికి రెండు మూడింతల మంచి నీళ్లు మెల్లగా పోసి కిందికి పారనివ్వండి. వాన నీళ్లు శ్రేష్ఠం. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి బోరు నీళ్లలో కలిపి వాడుకోవచ్చు.

తర్వాత, లోపం ఏదో దానికే మందు. ఇనుముకి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఎండ తగ్గాక ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. మెగ్నీషియంకి లీటరుకి 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. వారం ఆగి, అవసరమైతే మళ్లీ కొట్టాలి. ఒకేసారి రెండు మూడు మందులు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు. పొటాష్ అతిగా వేస్తే మెగ్నీషియం అందకుండా పోతుంది. అంటే ఒక లోపానికి వేసిన ఎరువే ఇంకో లోపాన్ని తెస్తుంది.

ఆ అబ్బాయి యూరియా డబ్బా పక్కన పెట్టాడు, కుండీ కడిగాడు, అన్నభేది రెండుసార్లు కొట్టాడు. మూడో వారానికి కొత్తగా విచ్చుకున్న ఆకులు ఆకుపచ్చగా వచ్చాయి. బాగా పసుపుబారిన ఆకు తిరిగి కోలుకోదు. దాన్ని చూసి నిరాశపడకండి. మందు పనిచేసిందో లేదో కొత్త ఆకే చెప్తుంది.

కాబట్టి ఈసారి మీ మొక్క పసుపుబారితే నర్సరీకి పరుగెత్తకండి. పది నిమిషాలు దాని ముందు కూర్చోండి. పై ఆకు చూడండి, కింది ఆకు చూడండి, ఆకు తిరగేయండి, మట్టిలో వేలు పెట్టండి, మీరు పోసే నీళ్లేవో గుర్తు చేసుకోండి. ఎరువు సంచి విప్పడం ఆ తర్వాతే.